పసుపు గుడ్డ మీద పడిన కోట

దర్పణపురిలో ఆ ఉదయం మిద్దెలన్నీ మెరిసిపోతున్నాయి. కొండ ఒడిలో మెట్లు మెట్లుగా కట్టిన ఆ పట్టణంలో దూరదర్శిని లేని ఇల్లు లేదు. ఇత్తడి గొట్టాలు, రాగి గొట్టాలు, దంతం పొదిగిన గొట్టాలు, వెదురుకు లక్క పూసిన గొట్టాలు, అన్నీ మెడలు సాచిన కొంగల్లా ఆకాశం వైపే చూస్తున్నాయి. స్ఫటికపు బిళ్లల మీద ఎండ పడి, ఎదురిళ్ల సున్నపు గోడల మీద ఇంద్రధనుస్సు తునకలు ఆడుతున్నాయి.

అది ఏటా వచ్చే గగనోత్సవం. ఆ రోజు ఏ ఇంటి తలుపూ మూసి ఉండదు. దారినపోయేవాణ్ణి చెయ్యి పట్టుకుని మిద్దె మీదికి లాక్కెళ్లి, తమ గొట్టం చూపించి, అందులోంచి ఆకాశం చూపించి, మెచ్చుకుంటే పానకం ఇవ్వడం, మెచ్చుకోకపోతే మళ్లీ మొదటినుంచి చెప్పడం ఆ ఊరి ఆచారం.

ఆ సందడిలో భుజాన స్ఫటికాల సంచీ, తలకు ఎర్ర పాగా, నూనూగు మీసం పెట్టుకుని ఒక యువకుడు నడుస్తున్నాడు. అడిగినవాళ్లకు తన పేరు సింగన్న అని చెబుతున్నాడు. ఆ పాగా కింద ఉన్నది కనకశైల రాకుమారి తరళ అని ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఆమె అన్న వసుకేతుడి పట్టాభిషేకం జరుగుతుండగానే గుడ్లగూబ కళ్లుండే ఘూకనేత్రుడనే మాంత్రికుడు కొలువుకూటం పైకప్పును పెళ్లగించి, సింహాసనంతో సహా రాకుమారుణ్ణి ఎగరేసుకుపోయాడు. అమావాస్యనాడు అతణ్ణి బలి ఇస్తే తనకు చావు ఉండదని ఆ మాంత్రికుడి ఆశ. కనకశైలం సేనలు కొండలన్నీ, అడవులన్నీ గాలించినా జాడ దొరకలేదు. నిన్న అడవిలో తరళ ఒక ముసలి మునిని పులి నోటినుంచి తప్పించింది. ఆయన ఆమె తల నిమిరి, "నేల మీద వెతికి లాభం లేదమ్మా. దర్పణపురి వాళ్ల కళ్లతో చూడు" అని మాత్రం చెప్పాడు.

అమావాస్య రేపే.

"ఇటు రా అబ్బాయీ! ఆ గొట్టాల్లో ఏముంది, కన్ను పెట్టి కన్ను నొప్పి తెచ్చుకోవడం తప్ప! నా ఇంట్లో సూర్యుడు నేరుగా గుడ్డ మీదికి దిగివస్తాడు!"

పిలిచింది అద్దకాల అక్కమాంబ. ఆమె చేతులు మోచేతుల దాకా పసుపు, నీలి రంగులతో మరకలు పడి ఉన్నాయి. పట్టణంలో సగం మంది కట్టే చీరలు ఆమె ఇంట్లోనే రంగు తేలుతాయి. వాకిట్లో తాళ్లు కట్టి, చీరలు ఆరేసినట్టు పసుపు గుడ్డలు వరసగా వేలాడదీసింది. ఒక్కొక్క గుడ్డ మధ్య చేటంత తెల్లటి గుండ్రం ఉంది.

"ఇది ఉగాదినాటి సూర్యుడు. ఇది గ్రహణం పట్టినప్పటిది, ఆ కొరికిన చోటు చూశావా? ఇదిగో, దీంట్లో ఒక కాకి ఉంది. సూర్యుడికి అడ్డంగా ఎగురుతూ వచ్చి నా గుడ్డ మీద పడింది పాపం!" అని ఆమె గలగలా నవ్వింది.

"ఎవరు గీశారు అవ్వా వీటిని?" అని తరళ అడిగింది.

"గీయడమా! అలాంటి పని ఆ వాగు అవతలుండే గజసాహిణి బుక్కన్న చేస్తాడు, బొగ్గుముక్క పట్టుకుని. నేను గీయను, పట్టుకుంటాను. పసుపు గుడ్డను ఎండలో వేస్తే ఏమవుతుంది? వెలిసిపోతుంది కదా. నేను కలిపే ఆకుపసరుతో అయితే రెప్పపాటులో వెలుస్తుంది. ఎండ తగిలిన చోటల్లా తెల్లబడుతుంది, నీడ పడిన చోట పసుపు అలాగే నిలుస్తుంది. రా, లోపలికి రా, కళ్లారా చూద్దువుగాని."

ఇంతలో వీధిలో గొల్లుమన్నారు. "అయ్యో, నా స్ఫటికం గుడ్డిదైపోయింది!" అని ఒకడు, "నాది కూడా పాలలా తెల్లబడింది!" అని మరొకడు నెత్తి కొట్టుకుంటున్నారు. వాళ్ల మధ్యనుంచి ఒక బైరాగి మెల్లగా నడిచి వచ్చాడు. చేతిలో కమండలం, నెత్తిన వెడల్పాటి తాటాకు గొడుగు. ఆ గొడుగు నీడ దాటి అతడి కాలి వేలు కూడా బయటికి రావడం లేదు.

"తల్లీ! నీ యంత్రం మీద మంత్రజలం చల్లి ఆశీర్వదించి పోతాను" అన్నాడు బైరాగి.

"దానికేం, ముందు చూడండి స్వామీ, చూశాక ఆశీర్వదిద్దురుగాని" అంటూ అక్కమాంబ ఇద్దరినీ లోపలికి తోసి తలుపు మూసింది.

లోపల చీకటి. పైకప్పులోంచి దిగిన ఇత్తడి గొట్టం చివర స్ఫటికంలోంచి తెల్లటి వెలుగు పాయ ఒకటి జారి, చట్రానికి బిగించిన, ఇంకా పసరు పూయని పసుపు గుడ్డ మీద పడుతోంది. గుడ్డ మీద సూర్యబింబం చేటంత పరిమాణంలో, అంచులు సన్నగా వణుకుతూ నిలిచి ఉంది. మబ్బు తునక ఒకటి దాని మీదుగా పొగలా జారిపోయింది. సూర్యుణ్ణి అంత దగ్గరగా, అంత నెమ్మదిగా తరళ ఎన్నడూ చూడలేదు. అన్న సంగతి కూడా మరిచి ఒక్క క్షణం నిలబడిపోయింది.

అప్పుడు బింబం అంచున ఒక నల్లటి చుక్క మొలిచింది.

అది కాకి కాదు. రెక్కలు లేవు. నెమ్మదిగా సూర్యుడి నడుమకు జరిగింది. చూస్తుండగా దానికి బురుజులు కనిపించాయి, బురుజుల మధ్య పళ్లవరస లాంటి ప్రాకారం కనిపించింది, అన్నిటికీ పైన ఒక గోపురం, ఆ గోపురం కొసన గుడ్లగూబ ఆకారం! అక్కమాంబ చప్పున గుడ్డ మీద ఆకుపసరు చిలకరించింది.

"కోట!" అని తరళ గట్టిగా అరిచింది.

ఆ మాటతో పక్కన ఏదో కదిలింది. తరళ తల తిప్పింది. చీకట్లో బైరాగి కళ్లు రెండు పచ్చటి దీపాల్లా, గుండ్రంగా, రెప్ప వెయ్యకుండా మండుతున్నాయి. మనిషి కళ్లు అలా వెలగవు!

బైరాగి కమండలంలోని నీళ్లు గొట్టం మీదికి విసిరాడు. స్ఫటికం చిటచిటమని పాలలా తెల్లబడింది, గుడ్డ మీద సూర్యుడు ఆరిపోయాడు. మరుక్షణం అతడు గోళ్లు సాచి గుడ్డ మీదికి దూకాడు. తరళ చట్రాన్ని పక్కకు లాగి, మొలలోని కటారి దూసింది. ఇనుప కొక్కేల్లాంటి గోళ్లు ఆమె భుజాన్ని చీరాయి. రెండో దెబ్బకు కటారి ఎగిరి మూలన పడింది. అతడి చెయ్యి ఆమె గొంతు మీద బిగుసుకుంది. పాగా ఊడి, జడ వీపున పడింది.

"అవ్వా! తలుపు! తలుపు తెరువు!" అని తరళ గొంతు చించుకుంది.

అక్కమాంబ అంత వయసులోనూ ఒక్క గెంతులో తలుపు దగ్గరికి చేరి గడియ లాగింది. ఎండ వరదలా లోపలికి వచ్చి పడింది. బైరాగి కీచుమని కేక పెట్టి, ముఖం కప్పుకుని, ముడుచుకుని ముడుచుకుని, పెద్ద గుడ్లగూబగా మారి, గుమ్మానికి ఒకసారి, వాసానికి ఒకసారి కొట్టుకుంటూ గుడ్డిగా ఎగిరిపోయాడు. తాటాకు గొడుగు మాత్రం గడపలో దొర్లుతూ ఉండిపోయింది.

తరళ రొప్పుతూ, మూలన పడిన కటారి అందుకుని, ఊడిన మీసం తీసి పారేసి, తనెవరో, ఎందుకొచ్చిందో నాలుగు మాటల్లో చెప్పింది. అది విని అక్కమాంబ మొదట చేసిన పని గుడ్డను పటిక నీళ్లలో ముంచి తియ్యడం.

"భయపడకు తల్లీ. ఇక ఇది చెరగదు" అంటూ వెలుగులో పరిచింది. తెల్లటి సూర్యుడి నడుమ పసుపుపచ్చ కోట స్పష్టంగా నిలిచి ఉంది.

"ఏమిటమ్మా అక్కమ్మా, మీ ఇంట్లోంచి గుడ్లగూబ ఎగిరింది?" అంటూ ఒక భారీ మనిషి గుమ్మంలోకి వంగి వచ్చాడు. తెల్లటి గలమీసాలు, చెవులకు పోగులు. ఆయనే గజసాహిణి బుక్కన్న. ఒకప్పుడు ఆ రాజ్యపు ఏనుగుల దళాన్ని నడిపినవాడు. ఇప్పుడు ఓడ స్తంభమంత పొడవున్న దూరదర్శినిని అంబారీ మీద కట్టి, ముసలి ఏనుగు చేత చక్రం తిప్పించి ఆకాశం చూస్తుంటాడు. ఏనుగు ఊపిరి తీసినప్పుడల్లా చంద్రుడు ఎగిరెగిరి పడతాడని అక్కమాంబ ఊరంతా చెప్పి నవ్వుతుంది.

అక్కమాంబ జరిగినదంతా చెబితే, బుక్కన్న గుడ్డ వైపు చూసి పెదవి విరిచాడు. "దీన్ని కోట అంటారా? ఇది పులుసు మరక! నేనూ ఆ గుడ్లగూబ ఎగరడానికి క్షణం ముందే మా గోడ మీద పడిన సూర్యుణ్ణి బొగ్గుతో గీశాను. నడుమ ఏమీ లేదే!"

"నడుమ లేకపోతే అంచునా?" అని తరళ ఆత్రంగా అడిగింది.

ఆ ప్రశ్నకు బుక్కన్న ముఖం ఎర్రబడింది. కాసేపు మీసం తడుముకుని, "అంచున... ఒక నొక్కు పడింది. నా స్ఫటికం పెచ్చు లేచిందేమోనని గుండె జారిపోయింది. అక్కమ్మకు తెలిస్తే నవ్వుతుందని వెంటనే తుడిచేశాను" అన్నాడు.

అక్కమాంబ నవ్వలేదు. ఆమె కళ్లు మెరిశాయి. "సాహిణిగారూ! సూర్యుడి ఒంటి మీది మచ్చయితే మా ఇంటినుంచి చూసినా, వాగు అవతల మీ ఇంటినుంచి చూసినా ఒకే వేళకు ఒకే చోట ఉండాలి కదా? నాకు నడుమన, మీకు అంచున అంటే..."

"అది సూర్యుడి దగ్గర లేదు" అన్నాడు బుక్కన్న, కంఠం మారిపోయి. "మన నెత్తి మీదే ఉంది!"

"మరి మామూలుగా ఎందుకు కనబడదు?" అంది తరళ.

"వాడు దాన్ని ఆకాశం రంగులో దాచి ఉంటాడమ్మా" అన్నాడు బుక్కన్న. "సూర్యుడికి అడ్డం వచ్చినప్పుడు దాచడం వాడి తరం కాదు. ఎండకు అడ్డం వచ్చే వస్తువుకు నీడ ఉంటుంది. నీడ నేల మీద పడి తీరాలి!"

బుక్కన్న వీధిలోకి దూకి, ఒకనాడు ఏనుగులను నడిపిన గొంతుతో అరిచాడు. "దర్పణపురి ప్రజలారా! స్ఫటికం చెడని వాళ్లందరూ మీ గొట్టాలు కిందికి దించండి! ఆకాశం కాదు, పొలాలు చూడండి! మబ్బు లేకుండా నీడ ఎక్కడ పాకుతోందో చూసి చెప్పండి!"

ఆ ఊరు పుట్టాక అలాంటి మాట ఎవరూ విని ఉండరు. ఒక్క క్షణం అందరూ తెల్లబోయారు. తర్వాత మిద్దెమిద్దెనా గొట్టాలు కిర్రుకిర్రుమంటూ లోయ వైపు వంగాయి. స్ఫటికాలు చెడినవాళ్లు పక్కింటి మిద్దెలెక్కి గొట్టాలు పట్టుకున్నారు. నిన్నటిదాకా ఎవరి గొట్టం పొడవని తగువులాడిన వాళ్లు ఒకరి భుజం మీదనుంచి ఒకరు చూడసాగారు.

"నువ్వుచేను మీద!" అని తూర్పు మిద్దె అరిచింది.

"అవునవును! చెరుకుతోట దాటింది! పడమటికి పోతోంది!" అని కింది మిద్దె అందుకుంది.

బుక్కన్న, అక్కమాంబలతో వాగు దాటి పరుగెత్తి, తరళ ఆయన దూరదర్శినిలో కన్ను పెట్టింది. పచ్చటి పైరు మీద, పైన ఒక్క మబ్బు కూడా లేకుండా, బురుజుల నీడ నల్లటి పీతలా పాకుతోంది. ఆమె ఛాతీ నిండా ఊపిరి పీల్చుకుంది. ఇన్నాళ్లలో అన్న ఉన్న చోటు తెలియడం అదే మొదటిసారి.

"గుడ్లగూబ కబురు చేర్చేలోపు నేను అక్కడికి చేరాలి. ఎలా?"

బుక్కన్న పెరటి వైపు చెయ్యి చూపించాడు. "చలికాలం మంచు నా చంద్రుణ్ణి కప్పేస్తుంటే కోపం వచ్చి, మంచు పైకి వెళ్లి చూద్దామని ఒకటి చేయించానమ్మా. రా!"

పెరట్లో పట్టుగుడ్డతో కుట్టిన బ్రహ్మాండమైన సంచీ చాపలా పడి ఉంది. దాని కింద మోకులతో వేలాడే వెదురు బుట్ట, బుట్టలో ఇనుప కుంపటి. తడిగడ్డి, కొబ్బరిపీచు వేసి నిప్పు పెట్టగానే సంచీ పొగతో ఉబ్బి, లేచి, మిద్దెలకన్నా ఎత్తుగా నిలిచింది. తరళ బుట్టలోకి దూకింది. బుక్కన్న ఎక్కాడు. అక్కమాంబ చీర కుచ్చిళ్లు బిగించి కాలు ఎత్తబోయింది.

"ముగ్గురి బరువు మొయ్యదు అక్కమ్మా!"

"అయితే క్షేమంగా రండి సాహిణిగారూ. వచ్చాక మీ స్ఫటికం ఈ ఊళ్లోకెల్లా మేలైనదని నేనే చాటుతాను!" అంటూ ఆమె కొడవలితో మోకు తెగ్గొట్టింది.

బుట్ట జివ్వున లేచింది. కొండ, పట్టణం, వాగు బొమ్మల్లా చిన్నవైపోయాయి. కింద జనం ఎర్ర గుడ్డలు ఊపుతూ నీడ ఎటు పోతే అటు చేతులు చూపిస్తున్నారు. గాలి వాళ్లను సరిగ్గా ఆ నీడ వైపే తోసింది. మరికొంత ఎత్తుకు పోయేసరికి చుట్టూ ఎండ చల్లారింది. తరళ తల ఎత్తింది. సూర్యుడు కనబడలేదు. సూర్యుడు ఉండాల్సిన చోట కొండంత నల్లటి కోట వేలాడుతోంది! దాని అడుగున రాతి వేళ్లు, వేళ్లనుంచి జారిన తుప్పు గొలుసులు, బురుజుల చుట్టూ బంగారు అంచులా సూర్యకాంతి.

కోటలోంచి గుడ్లగూబల దండు ఒక్కసారిగా కురిసింది. నీడలో వాటికి చూపు ఉంది. గోళ్లతో పట్టుసంచీ చీల్చసాగాయి. బుక్కన్న కుంపటిలోని నిప్పుకట్టె పట్టుకుని చుట్టూ తిప్పుతూ, "ఎండలోకి తప్పిస్తాను! అప్పుడు వీటికి కళ్లుండవు! ఆ గొలుసు అందుకో తల్లీ!" అని అరిచాడు.

సంచీ బుస్సుమని పొగ వదులుతోంది. బుట్ట కుంగుతోంది. గొలుసు చేతికి అందీ అందకుండా ఊగుతోంది. తరళ బుట్ట అంచు మీద కాలు ఆనించి గాలిలోకి దూకింది. ఒక చెయ్యి జారింది. రెండో చెయ్యి గొలుసు కడియంలో ఇరుక్కుంది. కిందికి చూస్తే బుక్కన్న బుట్ట నీడ దాటి ఎండలోకి పోయింది, వెంట పడిన గుడ్లగూబలు చూపు తెలియక ఒకదానికొకటి ఢీకొని చెల్లాచెదరవుతున్నాయి. చిరిగిన సంచీ గొడుగులా విచ్చుకుని ఆయన్ని మెల్లగా చెరుకుతోట వైపు దించుతోంది. మీసం దువ్వుకుంటున్న ఆ ముసలాయన్ని చూసి తరళకు అంత ఆపదలోనూ నవ్వు వచ్చింది.

గొలుసు పట్టుకుని, రాతి వేళ్ల మధ్యనుంచి పాకి, ఆమె ప్రాకారం దూకి కోట ముంగిట నిలిచింది. నల్లరాతి పరుపు. నడుమ గోపురం. దాని నీడ ముంగిట్లో సగాన్ని కప్పేసింది. మిగతా సగంలో కళ్లు చెదిరే ఎండ.

నీడలోంచి ఒక భటుడు కత్తి ఎత్తి వచ్చాడు. ముఖాన ఇనుప శిరస్త్రాణం. మాట లేదు, హెచ్చరిక లేదు. మొదటి వేటుకే తరళ కటారి రెండు ముక్కలైంది. ఆమె వెనక్కి దూకింది. రెండో వేటు రాతిని చీల్చింది. మూడో వేటుకు ఆమె పడుతూ భటుడి కాలు పట్టి లాగింది. ఇద్దరూ దొర్లుకుంటూ ఎండలో పడ్డారు. శిరస్త్రాణం ఊడి దూరంగా దొర్లింది.

వసుకేతుడు!

అతడి కళ్లు గుడ్లగూబ కళ్లలా గుండ్రంగా, పచ్చగా ఉన్నాయి. ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉంది. తరళ చేతులు అడ్డం పెట్టుకోలేదు. "అన్నయ్యా! నేను, తరళను!" అంది.

ఎండ అతడి ముఖం మీద పడింది. కళ్లలోని పచ్చదనం పసుపు రంగు వెలిసినట్టు మెల్లగా వెలిసిపోయింది. ఎత్తిన కత్తి కిందికి దిగింది.

"చెల్లాయీ! నువ్వా? ఇక్కడికి ఎలా..." అతడు చుట్టూ చూశాడు. నిద్రలోంచి లేచినవాడి గొంతు అది. మరుక్షణమే అందులోకి భయం వచ్చింది. "తరళా, కత్తి తీసుకో. ఎండలో ఉన్నంతసేపే నేను నీ అన్నను. నీడ పడితే నిన్ను నేనే చంపుతాను. వాడి ప్రాణం ఆ పడమటి బురుజులో ఉంది, నేనే దానికి కాపలా..."

గోపురంలో నగారా మోగింది. పాదాల కింద రాతిపరుపు గరగరమంది. కోట గుండ్రంగా తిరగసాగింది! కబురు అందిన ఘూకనేత్రుడు లోపలనుంచి చక్రం తిప్పుతున్నాడు. గోపురం నీడ ముంగిటిని మింగుతూ, నాలుకలా వాళ్ల వైపు పాకి వచ్చింది. వెడల్పాటి ఎండ చూస్తుండగానే సన్నబడి, ప్రాకారం వెంబడి ఒక పట్టెగా మాత్రం మిగిలింది.

ఆ పట్టె పడమటి బురుజు వైపే జరుగుతోంది.

తరళ ఒక చేత కత్తి అందుకుంది. రెండో చేత అన్న మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"అయితే ఎండ ఎటు పోతే అటే పోదాం. వాడి ప్రాణమూ అటే ఉంది. పద అన్నయ్యా!"

వెనక నీడ మడమలను తాకుతుండగా, జారిపోతున్న ఆ వెలుగు పట్టె మీద అన్నాచెల్లెళ్లు ఇద్దరూ పరుగు అందుకున్నారు.